మా ఆయనకైతే

పలకరించడం నాకు చేతనవునని చాలా ఏళ్ళు అనుకున్నాను. నా ఉద్యోగం అలాంటిది. 1977 మొదట్లో విజయవాడ ట్రంక్ ఎక్స్ఛేంజిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. పరాయి ఊరి కబురు మంచిదైనా చెడ్డదైనా అప్పట్లో మాలాంటివాళ్ళ చేతుల మీదుగానే వెళ్ళాలి. పార్టీ కాల్ బుక్ చేస్తే టికెట్ రాసుకునేవాళ్ళం. లైను దొరికేదాకా వాళ్ళు ఇంట్లో ఫోన్ పక్కనో, పోస్టాఫీసు బల్ల మీదో కూర్చోవాల్సిందే. ఆర్డినరీ కాల్ ఒక్కోసారి పొద్దున బుక్ చేస్తే సాయంత్రానికి తగిలేది. అర్జెంటుకి రెట్టింపు రేటు. లైట్నింగ్ కాల్‌కి ఎనిమిది రెట్లు. అది బుక్ చేశారంటే ఆ ఇంట్లో దండిగా డబ్బన్నా ఉండాలి, చావన్నా వచ్చి ఉండాలి. మాటలు వినకూడదని రూలు. కానీ లైను తగిలిందో లేదో, అవతల మనిషి పలికాడో లేదో చూసుకోవాలంటే వినక తప్పదు. పాతికేళ్ళు నిండేసరికే నా చెవిన పడ్డ చావు కబుర్లు ఓ మోస్తరు పురోహితుడు కూడా విని ఉండడు.

నాతోపాటు అదే బ్యాచిలో చేరింది నా స్నేహితురాలు. పేరు రాయను. ఇదంతా రాస్తానంటే దాని కూతురు సరేనంది, పేర్లు మాత్రం వద్దంది. మా ఇద్దరి మధ్యా మర్యాదలు ఎప్పుడూ లేవు కాబట్టి ఇక్కడా ‘అది’ అనే రాస్తాను. గాంధీనగరంలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నైట్ డ్యూటీ దిగి బాబాయ్ హోటల్లో ఇడ్లీ తిని, కిటికీకి దుప్పటి కట్టి మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాళ్ళం.

స్విచ్‌బోర్డు మీద మాత్రం మాకు పడేది కాదు. మూడు నిమిషాలు కాగానే ఆపరేటర్ లైన్లోకి వెళ్ళి, "త్రీ మినిట్స్ అయింది, పొడిగించమంటారా?" అని అడగాలి. నేను గడియారం చూసి ఠంచనుగా అడిగేదాన్ని. చావు కబురు నడుస్తున్న లైన్లో అలా అడగడానికి దానికి నోరొచ్చేది కాదు. అడిగితే ఏడుస్తున్నవాళ్ళు ఉలిక్కిపడి ఆపేస్తారు. అడక్కపోతే ఇంకో మూడు నిమిషాల డబ్బు వాళ్ళ నెత్తిన పడుతుంది. ఎటూ తేల్చుకోలేక అలాగే చూస్తూ కూర్చునేది. సూపర్‌వైజర్ వచ్చి వెనక నిలబడితేగానీ కదిలేది కాదు. గదికొచ్చాక "ఏడుపుక్కూడా మీటరేమిటే" అనేది. నాకదంతా చాదస్తంగా కనపడేది. ఉద్యోగం అన్నాక ఉద్యోగంలా చెయ్యాలి కదా అని వాదించేదాన్ని.

తరవాత ఎస్టీడీ వచ్చింది, పసుపుపచ్చ బోర్డుల బూత్‌లు వచ్చాయి, మా బోర్డుల ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి. నన్ను 198లో కంప్లైంట్లు రాసుకోవడానికి వేశారు, దాన్ని 197లో నంబర్లు చెప్పడానికి. 2000 అక్టోబరులో డిపార్ట్‌మెంటు కాస్తా బీఎస్ఎన్ఎల్ అయింది. ఇద్దరం అరవై నిండి 2017లోనే దిగిపోయాం. నేను విజయవాడలోనే ఉండిపోయాను. అది మొగుడితో సహా హైదరాబాదు వెళ్ళి కూతురి దగ్గర చేరింది. ప్రతి ఆదివారం పొద్దున ఫోన్. ట్రంక్ ఆపరేటర్ల ఫోన్ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, మూడు నిమిషాలని గుర్తుచేసేవాళ్ళు లేరుగా.

అది పోయిన కబురు మా రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చూశాను. పాత ఫోటో, కింద వరసగా దండాలు, ‘ఓం శాంతి’లు. ఆ వరస మధ్యలో ఎవరో రోజూ పెట్టే సుభాషితం కూడా పెట్టేసి పోయారు. ఆ రోజు బయల్దేరే వీల్లేకపోయింది. దహనం అయిన మర్నాడు దాని కూతురికి ఫోన్ చేశాను. ఆ ఫోన్లో నేనన్నవన్నీ ఇప్పటికీ వరసగా చెప్పగలను, ఎందుకంటే ఆ అమ్మాయి తరవాత ఒక్కొక్కటే నాకు అప్పజెప్పింది.

మొదట "ఎలా జరిగిందమ్మా?" అన్నాను. ఆ పాటికే ఆ ప్రశ్న ఎంతమంది అడిగి ఉంటారో నాకు తట్టలేదు. పాపం, మళ్ళీ మొదట్నించీ చెప్పింది. రాత్రి అన్నం దగ్గరే సయించడం లేదందట. వీపు మధ్యలో పట్టేసినట్టుంది అందట. గ్యాస్ అనుకుని దానికి మందు తాగి పడుకుంది. తెల్లవారుజామున బాత్రూముకని లేచి గుమ్మంలో కూలబడింది. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది.

అప్పుడన్నాను. "అయ్యో తల్లీ, మా ఆయనకైతే పోయినేడు ఇలాగే వచ్చింది. ఆయనా గ్యాసే, పడుకుంటే తగ్గుతుంది అన్నారు. నేను ఊరుకుంటేనా! అప్పటికప్పుడు కారెక్కించి తీసుకెళ్ళా. రెండు గంటల్లో స్టెంట్ వేసేశారు. ఇప్పుడు శుభ్రంగా పొద్దున్నే వాకింగ్ చేస్తున్నారు."

అంతటితో ఆగలేదు. "పోన్లే అమ్మా, మంచం పట్టకుండా, ఒకరిచేత చేయించుకోకుండా దాటిపోయింది" అన్నాను. "పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలు" అన్నాను. అటునించి మాట లేకపోయేసరికి ఆ ఖాళీని నింపాలనిపించి, మనవడి అక్షరాభ్యాసానికి బాసర వెళ్ళాలనుకుంటున్నామనీ, మీ అమ్మ కూడా వస్తానందనీ, మా అబ్బాయి ఇల్లు మారాడనీ చెప్పుకుంటూ పోయాను. "సరే పిన్నీ, ఎవరో వచ్చారు, ఉంటాను" అంది. ఎవరూ రాలేదట.

ఫోన్ పెట్టేశాక నాకు కాస్త తేలికపడ్డట్టే ఉంది. చెయ్యాల్సిన పని చేసేశానన్నట్టు. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసేది దానికే.

పదకొండో రోజుకి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆ అమ్మాయి "పిన్నీ, ఒకసారి ఇలా రా" అని వంటింటి వెనక అంట్లు తోముకునే చోటికి తీసుకెళ్ళింది. ఏడుస్తుందేమో, దగ్గరికి తీసుకుందామనుకున్నాను. ఏడవలేదు.

"నువ్వు ఫోన్ చేసిన రోజు రాత్రి కూర్చుని లెక్కలేసుకున్నా పిన్నీ. అమ్మ వీపు నొప్పి అంది తొమ్మిదింటికి. బాబాయికి రెండు గంటల్లో అయిపోయిందన్నావు. అంటే పదకొండింటికల్లా అమ్మ మంచం మీద కూర్చుని నన్ను కాఫీ అడుగుతూ ఉండేది. ఆ పదకొండింటికి నేను టీవీ చూస్తున్నా."

నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"ఒకరిచేత చేయించుకోకుండా పోయింది అన్నావు. నేను చేసేదాన్ని కదా. చెయ్యనని ఎవరన్నారు? ఇంకోటి, ఫోన్ స్పీకర్లో ఉంది. నాన్న పక్కనే కూర్చుని ఉన్నారు. అదృష్టవంతురాలు అన్నావు కదా, ఆ పూట ఆయన అన్నానికి లేవలేదు. ‘అయితే నేను ముందు పోయుంటే మీ అమ్మ దురదృష్టవంతురాలన్నమాట’ అన్నారు."

ఇంత చెప్పి, "నీ మీద కోపం లేదు, నీకు కాబట్టి చెప్పా. అందరూ ఇవే అన్నారు, అందరికీ చెప్పలేను కదా" అని లోపలికి వెళ్ళిపోయింది. మరుక్షణం హాల్లో ఎవరికో మజ్జిగ పోస్తూ వినపడింది.

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ నా తరఫున నేనే వాదించుకున్నాను. మంచికే కదా అన్నాను. ఈ కాలం పిల్లలకి ప్రతి మాటా గుచ్చుకుంటుంది. మా అమ్మ పోయినప్పుడు నన్ను ఎన్నెన్ని అనలేదు, పడ్డాను కదా. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే నా వైపు మాట్లాడతారనుకున్నాను. ఆయన అంతా విని, "మధ్యలో నా స్టెంటుని అక్కడిదాకా ఎందుకు మోసుకెళ్ళావు?" అన్నారు. కాసేపాగి, "వాళ్ళమ్మ గురించి ఒక్క మాటన్నా చెప్పావా?" అని అడిగారు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చెప్పలేదు. పోయింది అదైతే, ఫోన్ నిండా ఉన్నది మేము.

పైగా ఆ పోలిక కూడా తప్పు. మా ఆయనకి వచ్చింది ఎవరైనా పోల్చుకోగలిగే నొప్పి. ఛాతీ మీద బండ పెట్టినట్టుండి, ఎడంచెయ్యి లాగేసి, చొక్కా తడిసిపోయేలా చెమట పట్టింది. చెకప్‌కి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరమ్మని అడిగాను. ఆడవాళ్ళలో చాలాసార్లు అంత స్పష్టంగా రాదట. దవడ లాగొచ్చు, వీపు పట్టేయొచ్చు, వికారం, ఆయాసం, ఊరికే నీరసం, ఇంతే ఉండొచ్చట. అందుకే ఇంట్లోవాళ్ళకే కాదు, వచ్చినవాళ్ళకి కూడా తెలియకుండా పోతుందట. అంటే ఆ రాత్రి ఆ పిల్ల చోట నేనున్నా గ్యాస్ మందే కలిపిచ్చేదాన్ని. ‘నేను ఊరుకుంటేనా’ అని అంత ఘనంగా చెప్పిన నేను.

ఆ తరవాత ఎక్కడికి పరామర్శకి వెళ్ళినా నోరు మూసుకుని వినడం మొదలుపెట్టాను. మన పలకరింపుకి అంచుల నిండా నియమాలే. మంగళవారం, శుక్రవారం వెళ్ళకూడదంటారు. వచ్చేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనకూడదు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని వాళ్ళున్నారు. ఎప్పుడు వెళ్ళాలో, ఎలా లేచి రావాలో చెప్పారుగానీ ఆ మధ్యలో ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. దాంతో ఆ మధ్యనంతా విచారణతో నింపుతాం. షుగర్ ఉందా, బీపీ ఉందా, మందులు సరిగ్గా వేసుకునేవాడా, ఎన్ని గంటలకి, పక్కన ఎవరున్నారు, ఏ హాస్పిటలు, అక్కడికెందుకు తీసుకెళ్ళారు. పోలీసులు కూడా ఇన్ని అడగరు. అడిగేవాళ్ళకి అదంతా తెలుసుకుని ఒరిగేదేమీ లేదనుకునేదాన్ని. ఉంది. ‘షుగర్ ఉందట’ అని తెలియగానే మనకి లేదు కదా అని లోపల ఒక ఊపిరి వదులుతాం. పోయినవాళ్ళ ఇంట్లో ఏదో ఒక పొరపాటు దొరికితే మన ఇల్లు భద్రం. ఆ అమ్మాయికి స్టెంట్ కథ చెప్పినప్పుడు నేను చేసిందీ అదే అని నా అనుమానం. ఏడాదిగా మా ఆయన గుండె గురించి పడుతున్న భయాన్ని తీసుకెళ్ళి, మా ఇంట్లో అలా జరగదు అని వాళ్ళింట్లో చెప్పి వచ్చాను.

మా అమ్మమ్మ ఊళ్ళో ఎవరైనా పోతే ఆడవాళ్ళు శోకాలు పెట్టేవారు. రాగం తీసి, పోయిన మనిషిని పిలిచి, ఎలా నడిచేదో, ఏ కూర ఇష్టంగా తినేదో, ఎవరింటి పెళ్ళిలో ఏం మాటందో, ఎవరికి పురుడు పోసిందో, అన్నీ అందులో పెట్టి ఏడ్చేవారు. ఏడుపు రానివాళ్ళు కూడా ఏడ్చేవారు, అది వేరే సంగతి. పట్నం వచ్చి నాలుగు అక్షరాలు నేర్చుకున్నాక మాకది మోటుగా కనిపించి మానేశాం. ఎంత నాటకం కలిసినా ఆ ఏడుపులో ఉన్నది పోయిన మనిషే. డాక్టరు రిపోర్టు కాదు.

సరే, బుద్ధొచ్చింది అనుకుని నేను చేసిన రెండో పని మొదటిదానికంటే తెలివితక్కువది. ఆ అమ్మాయికి మా ఇంటి సంగతి ఒక్కటీ తెలియనివ్వకుండా జాగ్రత్తపడ్డాను. ఏడాది తిరగని ఇల్లు, మన సంబరాలు చూపించడం పాపం అనుకున్నాను. బాసరలో మనవడికి అక్షరాభ్యాసం అయింది. పలక పట్టుకుని ఏడుస్తున్న వాడి ఫోటో స్టేటస్‌లో పెట్టి, ఆ అమ్మాయికి ఒక్కదానికి కనపడకుండా సెట్టింగ్ మార్చాను. ఆ సెట్టింగ్ ఎలా మార్చాలో కోడల్ని అడిగి మరీ నేర్చుకున్నాను. ఎప్పుడైనా ఫోన్ చేస్తే ‘అంతా మామూలే’ అనేదాన్ని. తనూ ‘మామూలే పిన్నీ’ అనేది. ట్రంక్ కాల్ రోజుల్లో కూడా మనుషులు అంత పొదుపుగా మాట్లాడేవాళ్ళు కాదు.

దాని గురించే ఏదైనా చెబుదాం అని మా ఆయన మాట పట్టుకుని అనుకున్నాను. ఫోన్ చేయడానికి ధైర్యం చాల్లేదు. ఉత్తరం రాద్దామంటే నా చేతిరాత నాకే అర్థం కాదు. చివరికి వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపాను. దాంట్లో ఒక సుఖం ఉంది. వినేవాళ్ళు వెంటనే ఊ కొట్టక్కర్లేదు, గొంతు సర్దుకోనక్కర్లేదు. అర్ధరాత్రి నిద్రపట్టనప్పుడు వినొచ్చు, వద్దనుకుంటే వదిలేయొచ్చు. ముందే చెప్పాను, ‘దీనికి జవాబు ఇవ్వక్కర్లేదమ్మా’ అని.

చెప్పింది ఉప్పెన సంగతి. 1977 నవంబరు 19, శనివారం దివిసీమ మీదికి సముద్రం వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. మేం ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తెల్లవారేసరికి అవనిగడ్డ వైపు పలికే లైను లేదు. మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి కాల్స్ మీద కాల్స్. నాగాయలంక కావాలి, కోడూరు కావాలి, మా అమ్మావాళ్ళది పలానా పాలెం, ఎవరైనా పలుకుతారేమో చూడండి. లైన్లు పోయాయండీ అని చెప్పి టికెట్ కాన్సిల్ చెయ్యడమే మేం చెయ్యగలిగింది. నేను కాన్సిల్ చేసేశాను. అది మాత్రం చాకలి పద్దు రాసుకునే నోట్‌బుక్ ఒకటి తెచ్చి పక్కన పెట్టుకుంది. ఊరు పేరు, ఇంటి పేరు, అడిగినవాళ్ళ నంబరు రాసుకుని, "లైను తగలగానే నేనే పిలుస్తానండీ" అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఇలా ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యకూడదు కూడా. తరవాత ఒక్కో లైనూ బాగుపడుతుంటే, డ్యూటీ దిగాక కూడా కూర్చుని ఆ పేర్లు ఒక్కొక్కటే చూసి కలిపింది. కలిపినవాటిలో చాలావాటికి అటునించి వచ్చిన కబురు మంచిది కాదు. అది మధ్యలో ఒక్క మాట కూడా కలగజేసుకునేది కాదు. అయ్యో అని కూడా అనేది కాదు. లైను తెగకుండా చూసుకునేది, అంతే.

ఇదంతా చెప్పి పంపాను. కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు పొద్దున్నే చూసుకుంటే రాత్రి ఎప్పుడో వచ్చిన మెసేజి: ‘ఆ నోట్‌బుక్ ఏమైంది పిన్నీ?’ తెలియదన్నాను. గది మారినప్పుడు పోయి ఉంటుంది. ‘అందుకా! తుఫాను వార్తలొస్తే అమ్మ రాత్రంతా టీవీ కట్టనిచ్చేది కాదు. విసుక్కునేదాన్ని’ అని రాసింది.

ఆ తరవాత ఒకటొకటే పంపాను. అన్నీ గొప్ప సంగతులే చెబితే ఆ పిల్ల పారిపోయేది. అప్పటికే వచ్చిపోయినవాళ్ళందరూ వాళ్ళమ్మని దేవతని చేసి గోడకి తగిలించారు. అందుకని ‘అడవి రాముడు’ సంగతి చెప్పాను. కడుపునొప్పి అని సెలవు చీటీ పంపి మ్యాట్నీకి వెళ్ళింది అది. ఇంటర్వెల్‌లో సోడా తాగుతుంటే ఎదురుగా మా సూపర్‌వైజర్ కూడా సోడా తాగుతున్నారు. ఆవిడా సెలవు పెట్టే వచ్చారట. మర్నాడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా డ్యూటీ చేశారు. నాతో పోట్లాడి పదిహేను రోజులు మాట్లాడని సంగతి కూడా చెప్పాను, అందులో తప్పు దానిదే అని కూడా చెప్పాను. దానికి ఆ అమ్మాయి నుంచి మెసేజి కాదు, ఫోనే వచ్చింది. ‘అమ్మ వెర్షన్‌లో తప్పు నీది’ అంది. చాలాసేపు పోట్లాడుకున్నాం, నేనూ, అది లేని చోట దాని కూతురూ.

ఆ ఫోన్లోనే, పెట్టేసే ముందు అడిగింది. "బాబుకి అక్షరాభ్యాసం అయిందా?"

అయిందన్నాను.

"ఫోటో పెట్టావట కదా. మా మేనత్త కూతురు చూసిందట. నాకు కనపళ్ళేదు."

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. నీకు బాధేస్తుందేమోనని అన్నాను.

"ఆదివారం పొద్దున నీతో మాట్లాడి, మధ్యాహ్నం అన్నాల దగ్గర మీ ఇంటి కబుర్లన్నీ మాకు చెప్పేది అమ్మ. మీ కోడలు ఏ కూర మాడ్చిందో కూడా మాకు తెలుసు పిన్నీ. బాసర ప్రయాణం కూడా మాకు తెలిసిందే. నువ్వు చెప్పకముందే. అమ్మ పోయింది. మీ ఇల్లు కూడా పోయినట్టే ఉంది మాకు."

నలభై ఏళ్ళకి పైగా మా రెండిళ్ళ మధ్యా బోర్డు తీగ గుచ్చి కూర్చుంది అది. ఇటు మాట అటు, అటు మాట ఇటు. అది బోర్డు ముందునించి లేచిపోయాక రెండు వైపులా ఫోన్లు బాగానే ఉన్నాయి, కలిపేవాళ్ళే లేరు. ఆ సంగతి నాకు తట్టలేదు. చెప్పకూడని వేళ మా కబురు చెప్పిన నేనే, వాళ్ళు ఎదురుచూస్తున్న వేళ దాచిపెట్టాను. ఆ సాయంత్రమే ఫోటోలు పంపాను. పలకతో ఏడుస్తున్నది, ఏడుపాపి నిద్రపోయింది, గుడి ముందు మా ఆయన వాడిని ఎత్తుకుని నిలబడింది. ఆ చివరిది పంపాలా వద్దా అని కాస్త ఆలోచించాను. పంపాను. ‘బాబాయి చిక్కారు’ అని రాసింది. అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడు ఆదివారం ఫోన్ తనకి చేస్తున్నాను. దాని మొగుడు, నేను అన్నయ్యగారనే పిలుస్తాను, మొదట్లో నాతో మాట్లాడేవారు కాదు. ఆ ‘అదృష్టవంతురాలు’ ఇంకా మధ్యలో ఉంది. ఆయన్ని మాటలతో ఓదార్చడం నావల్ల కాదని అర్థమై, నాకు తెలిసిన పని పట్టుకున్నాను. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు. దాని పెన్షన్ టెలికాం శాఖ నుంచి వచ్చేది. పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో, అదే పీపీవోలో, భర్తగా ఆయన పేరుంది. అలా పేరుండి, అకౌంటు ఇద్దరి పేరా ఉంటే పెద్ద తతంగం ఉండదు. మరణ ధ్రువీకరణ పత్రం, పీపీవో కాపీ, ఆయన వయసుకి రుజువు, ఒక దరఖాస్తు, అంతే. పోయిన తేదీ తరవాతి పెన్షన్ అకౌంట్లో పడితే ముట్టుకోకుండా ముందే చెప్పేయాలి. ఆఖరి బేసిక్ జీతంలో 30 శాతం లెక్కన, దాని మీద డీఏ వస్తుంది. ఇవన్నీ ఒక్కొక్కటి ఫోన్లో చెబుతుంటే ఆయన రాసుకున్నారు. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ ఇక ఆయనే ఇవ్వాలని చెప్పాను. "పోయినేడు దానికి నేను తోడెళ్ళానమ్మా. వేలిముద్ర పడక నాలుగుసార్లు పెట్టించారు. వంటలు చేసి చేసి వేళ్ళు అరిగిపోయాయి అని వాళ్ళతో పోట్లాడింది" అన్నారు. మా ఇద్దరికీ అదే మొదటి మాట, అది పోయాక.

మొన్న ఆదివారం ఆ అమ్మాయి, నాన్నకి మోకాళ్ళు బొత్తిగా లేవడం లేదు, మెట్లు దిగడం మానేశారు అంటోంది. "మా ఆయనకైతే..." అన్నాను. అని టక్కున నాలుక కరుచుకున్నాను.

"పిన్నీ!"

"లేదులే, చెప్పను."

"చెప్పు. బాబాయికి మోకాలు చూసిన డాక్టరు పేరు చెప్పు, రాసుకుంటా. ఫీజెంత? నడిపించి చూశాడా, ఎక్స్‌రే ఒక్కటే చూశాడా?"